పిల్లల చేతికందే పుస్తకాల అర
(శతవార్షికోత్సవ కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



సదస్సు కార్యదర్శిగారు మాకు వ్రాసిన ఉత్తరంలో "పిల్లలలో పఠనాసక్తిని పెంపొందించుట" అనే అంశం మీద మాట్లాడవలసిందిగా కోరారు. అంశం పెద్దది. మేము భార్యాభర్తలం ఇద్దరమూ ముప్పయ్యేళ్ళకు పైగా బళ్ళలో పాఠాలు చెప్పినవాళ్ళమే అయినా, ఆసక్తి అనేదాన్ని ఎలా పెంచాలో మాకు తెలుసునని చెప్పుకునే ధైర్యం లేదు. మాకు తెలిసినది అంతకంటే చాలా చిన్న విషయం. పుస్తకాల బీరువా ఎంత ఎత్తుండాలి, దేనితో చేయించాలి, ఇంట్లో ఏ మూల పెట్టాలి అన్నది. వడ్రంగి పని గురించి వినటానికా ఇంతదూరం వచ్చామని కొందరికి అనిపించవచ్చును. అయితే ఈ చిన్న విషయంలో మేము చేసిన పొరపాటు మా ఇంట్లో ఒక బిడ్డకు పుస్తకాలను దూరం చేసింది. అందుచేత దానిగురించే మాట్లాడతామని కార్యదర్శిగారి అనుమతి తీసుకున్నాము.

1982లో మాకు కొంత బకాయి జీతం ఒకేసారి చేతికి వచ్చింది. డెల్టాలో ఒక పల్లెలో కాపురం. ఇంట్లో పుస్తకాలు చాలా ఉండేవి. పెద్దలు దాచి ఇచ్చినవి కొన్ని, మేము పెళ్ళికి ముందునుంచి కొనుక్కున్నవి కొన్ని. అవన్నీ ట్రంకు పెట్టెల్లో మగ్గుతున్నాయని, ఆ డబ్బుతో ఒక మంచి బీరువా చేయించాము. ఊళ్ళో ఆచారిగారు చేయితిరిగిన పనివాడు. టేకు చట్రం, ఆరడుగుల ఎత్తు, అయిదు అరలు, ముందు అద్దాల తలుపులు, ఇత్తడి గెడ, తాళం. దాన్ని ముందుగదిలో వీధి గుమ్మానికి ఎదురుగా పెట్టించాము. ఇంటికి వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే దానివైపు చూసేవారు. "మాస్టారింట్లో పుస్తకాలే పుస్తకాలు" అనేవారు. ఆ మాట మాకు ఎంతో ఇష్టంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాము.

మా పెద్దవాడు 1979లో పుట్టాడు. బీరువా వచ్చిననాటికి వాడికి మూడేళ్ళు. అక్షరాలు కూడబలుక్కునే వయసు వచ్చాక ఆ అద్దానికి ముక్కు ఆనించి, లోపలి అట్టమీద పేర్లు చదివేవాడు. పిల్లల పుస్తకాలు కూడా అందులోనే ఉండేవి. పై నుంచి రెండో అరలో, చందమామ సంచికలు ఏడాదివారీగా బైండు చేయించి పెట్టాము. వాడు అడిగేవాడు. తాళంచెవి గుత్తిలో ఉండేది, గుత్తి వంటింట్లో ఉండేది. "చేతులు కడుక్కున్నావా?" అనేవాళ్ళం. "ఇప్పుడు కాదు, ఆదివారం తీస్తాను" అనేవాళ్ళం. "చింపవు కదా?" అనేవాళ్ళం. ఒక్కసారి కూడా మేము కోపంగా చెప్పలేదు. మంచిమాటగానే చెప్పాము. వాడు ఎన్నిసార్లు అడిగాడో, ఏ రోజున అడగటం మానేశాడో మాకు గుర్తులేదు. గుర్తులేకపోవటమే మమ్మల్ని ఇప్పటికీ బాధపెడుతుంది. బడిలో వందలమంది పిల్లలను గమనించినవాళ్ళం, ఇంట్లో ఆ సంగతి గమనించలేదు.

మా అమ్మాయి 1985లో పుట్టింది. 1990 మే నెలలో వచ్చిన పెనుతుఫాను ఇక్కడున్నవారిలో చాలామందికి తెలుసు. మా ఇంటి పెంకులు లేచిపోయాయి, ముందుగది కప్పు కారి బీరువా అంతా తడిసింది. ఒక అద్దం పగిలింది. చెక్క ఉబ్బి తలుపు రెక్కలు మూతపడలేదు. ఆరబెట్టి దక్కించుకున్న పుస్తకాలను నడవాలో గోడవారగా ఉన్న పొట్టి బల్లమీద, బల్ల కింద పేర్చాము. తలుపులు బాగుచేయించుదామంటే ఆచారిగారికి తీరిక లేదు. ఊళ్ళో ఇళ్ళకు దూలాలు, వాసాలు ముందు కావాలి గదా, బీరువా తలుపుల కోసం ఆయనను అడగటానికి మాకే సిగ్గనిపించింది. అలా ఆరేడు నెలలు పుస్తకాలు నేలకు దగ్గరగానే ఉండిపోయాయి.

ఆ ఆరేడు నెలల్లో అయిదేళ్ళ పిల్ల ఆ బల్ల దగ్గరే కాపురం పెట్టింది. మొదట పుస్తకాలతో ఇల్లు కట్టింది, రైలు పేర్చింది. తడిసి అతుక్కున్న పేజీలను ఊడదీయటం ఒక ఆటగా పెట్టుకుంది. తరువాత బొమ్మలు చూసింది. దసరా సెలవులకు ముందే కథలు తనే చదువుకుంటున్నది. మేము ఎవరమూ కూర్చోబెట్టి చదివించలేదు, తుఫాను పనుల్లో మాకంత ఓపికా లేదు. ఈనాటికీ ఆమె చేతిలో పుస్తకం లేకుండా బస్సెక్కదు. పెద్దవాడికి అప్పటికి పదకొండేళ్ళు, ట్యూషన్లు, క్రికెట్టు. పుస్తకాలు బయటికి వచ్చినా వాడు వాటివైపు తిరగలేదు.

ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడి కథతో సిద్ధాంతం చేయకూడదని మాకు తెలుసు. పిల్లల స్వభావాలు వేరువేరు. మా తమ్ముడుగారింట్లో పుస్తకాలు అటకమీద ఉంటే నిచ్చెనేసుకుని ఎక్కి చదివిన పిల్లవాడున్నాడు. కాని కొన్నేళ్ళ క్రితం మా అబ్బాయితో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు వాడు నవ్వుతూనే, "అవి మీ పుస్తకాలు గదా నాన్నా, నావని నేనెప్పుడూ అనుకోలేదు" అన్నాడు. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్రపట్టలేదు. వాడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు, మమ్మల్ని బాగా చూస్తాడు. ఏ లోటూ లేదు. అయినా ఆ మాట ఒక్కటే మిగిలిపోయింది.

పిల్లలకు తాళం వేసిన బీరువా పనికిరాదన్న సంగతి మేము కనిపెట్టింది కాదు. మా పొరపాటు జరగటానికి 75 ఏళ్ళ ముందే, 1907లో, రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే బీదల పేటలో మరియా మాంటిసోరీ గారు చిన్నపిల్లల బడి పెట్టారు. అక్కడ బోధనా సామగ్రిని ఒక పెద్ద బీరువాలో పెట్టి పంతులమ్మ తాళం వేసేది. ఒకనాడు ఆమె తాళం వేయటం మరచిపోయి, మర్నాడు కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చి చూస్తే పిల్లలు బీరువా తెరిచి, ఎవరికి కావలసినవి వారు తీసుకుని పనిచేసుకుంటున్నారు. దొంగబుద్ధులు అలవడుతున్నాయని ఆమె కంగారుపడింది. మాంటిసోరీ గారు మాత్రం, వస్తువులు వీళ్ళకు బాగా తెలుసు గనుకనే ఎంచుకోగలుగుతున్నారని గ్రహించి, ఆ బీరువా బదులు పిల్లల ఎత్తుకు సరిపడే పొట్టి బీరువాలు పెట్టించారు. ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి, అడయారులోనూ ఇతర చోట్లా ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అంటే ఈ సంగతి మన పక్క ఊళ్ళోనే చెప్పి వెళ్ళారు. శిక్షణ కళాశాలలో మేమూ ఆమె పేరు బట్టీపట్టి పరీక్ష వ్రాశాము. ఇంటికి వచ్చి తాళం వేసుకున్నాము.

గ్రంథాలయాల విషయంలోనూ ఇంతే. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు. మొదటి సూత్రం, పుస్తకాలున్నది ఉపయోగించటానికి అని. వినటానికి ఇందులో ఏముందనిపిస్తుంది. యూరపులో ఒకప్పుడు పుస్తకాలను అరలకు గొలుసులతో కట్టి ఉంచేవారు, ఆ గొలుసులు పోవటానికి కొన్ని వందల ఏళ్ళు పట్టింది. మామూలు ఎత్తు మనిషి నేలమీద నిలబడి చేయిచాస్తే పై అర అందాలని ఆయన పట్టుబట్టారు. మా ఇద్దరిలో లెక్కల మాస్టారికి రంగనాథన్‌గారంటే ప్రత్యేకాభిమానం, ఆయన కూడా మొదట లెక్కల పంతులే గనుక.

ఇంకా దగ్గరి సంగతి చెప్పాలంటే, 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణంగారు కొల్లిపర నుండి పెదవడ్లపూడి వరకు కాలువమీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే పాఠకుడి రేవుకు వెళ్ళింది. పెద్దవాళ్ళ కోసం అంత శ్రమపడిన ప్రాంతంవాళ్ళం, మన ఇంట్లో మూడడుగుల పాఠకుడి కోసం బీరువాను నాలుగు గజాలు జరపలేమా?

ఇక పనిలోకి వద్దాము.

అయిదేళ్ళ బిడ్డ సుమారుగా మూడున్నర అడుగుల ఎత్తుంటుంది. ఆ బిడ్డకు పై అర మూడడుగులు దాటకూడదు. దాటితే చేయి అందవచ్చు గాని కన్ను అందదు. పుస్తకం కనబడితేనే కదా చేయి చాచేది. పదేళ్ళవరకు పిల్లలున్న ఇంట్లో నాలుగడుగుల బీరువా చాలు. కింది అర నేలకు నాలుగంగుళాలు పైన ఉంటే చాలు, పిల్లలు బాసిపట్టు వేసుకుని కూర్చుని తీసుకుంటారు. లోతు పది అంగుళాలు మించవద్దు. లోతైన అర చేయిస్తే మనం తప్పకుండా పుస్తకాలను రెండు వరుసలుగా పేరుస్తాము. వెనక వరుసలోవి లేనట్టే లెక్క.

వెడల్పు విషయంలో ఆచారిగారు చెప్పిన మాట గుర్తుపెట్టుకోండి. ముప్పావు అంగుళం మందం పలకకు రెండున్నర అడుగులకొక ఆధారం ఉండాలి. అంతకంటే పొడుగు పెడితే కాగితం బరువుకు నడుము వంగుతుంది. బట్టల అరలు చేసే అలవాటున్న పనివాళ్ళు ఈ బరువు సంగతి ఊహించరు. ఒక బారెడు పుస్తకాలను వాళ్ళచేత ఎత్తించి చూపించండి, వెంటనే తెలుసుకుంటారు.

చెక్క సంగతి. టేకు చేవ చెదలకు ఆగుతుంది, కాని ధర మనకు ఆగదు. వేపచెక్కకు పురుగు అంతగా పట్టదు, బాగా ఆరినదైతే పిల్లల బీరువాకు చక్కగా సరిపోతుంది. పచ్చిచెక్కతో చేయిస్తే తరువాత మెలితిరుగుతుంది. మామిడిచెక్క చవక, పురుగుకూ అంతే ఇష్టం. ఇప్పుడు దుకాణాల్లో తయారుగా దొరుకుతున్న పొట్టుచెక్క బీరువాలు చూడటానికి నున్నగా బాగుంటాయి. మన డెల్టా తేమకు, ఇల్లు కడిగే నీళ్ళకు అడుగుభాగం ఉబ్బి పొరలు పొరలుగా లేస్తుంది. కొనవలసివస్తే కింద నాలుగు ఇటుకలైనా పెట్టండి. ఇనుప ర్యాకు చెదలు తినదు, కాని దాని అంచులు పిల్లల నుదుటికి మంచివి కావు. పాత సైకిలు ట్యూబు చీల్చి అంచుకు తొడిగితే సరిపోతుంది, మేమలాగే చేశాము. డబ్బు బొత్తిగా లేదంటే పండ్ల దుకాణంలో ఆపిల్ పెట్టెలు రెండు తెచ్చి, చిత్రికపట్టించి, మేకులు సరిచేసి, పక్కపక్కన అడ్డంగా పడుకోబెట్టండి. మా మనుమరాలికి మొదట పెట్టింది అదే. మా టేకు బీరువాకంటే ఎక్కువ పని చేసింది.

తలుపులు వద్దు. ధూళి పడుతుందంటారు, నిజమే. దుమ్ము దులపటం కూడా పిల్లల పనే చేయండి, దులిపేటప్పుడు నాలుగు పేజీలు తిరగేస్తారు. దులపటం ఆగిపోతుంది, అది వేరే సంగతి.

చిన్నపిల్లల పుస్తకాలతో ఒక చిక్కుంది. బీరువాలు చేసేవాళ్ళు గాని అమ్మేవాళ్ళు గాని దాన్ని పట్టించుకోరు. తెలుగులో పిల్లలకు వచ్చే బొమ్మల పుస్తకాలు చాలావరకు పదహారు, ఇరవైనాలుగు పేజీలవి, మధ్యలో పిన్ను కొట్టినవి. వాటికి వీపు లేదు. నిలబెడితే పేరు కనబడదు, సన్నటి గీతలా ఉంటాయి. పది పుస్తకాలు కలిసి ఒక అట్టలా కనిపిస్తాయి. చదవటం రాని బిడ్డకు వీపుమీద పేరున్నా ఏమి ప్రయోజనం? ఆ బిడ్డ బొమ్మను చూసి ఎంచుకుంటుంది. గనుక ముఖచిత్రం ఎదురుగా కనబడాలి. దీనికి ఉపాయం మన బస్టాండుల్లో ఎప్పటినుంచో ఉన్నది. కిళ్ళీకొట్టువాళ్ళు ముందు తాడు కట్టి వారపత్రికలను క్లిప్పులతో వేలాడదీసేవారు. నడిచిపోయేవాడి కన్ను ఎక్కడ పడుతుందో వాళ్ళకు తెలుసు. మనమూ గోడకు బిడ్డ ఛాతీ ఎత్తున రెండు మేకులు కొట్టి, తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఏడెనిమిది పుస్తకాలు తగిలించవచ్చును. లేదా ఒక అరకు ముందు సన్నటి బద్ద అడ్డుగా కొట్టించి, పుస్తకాలను ముఖం మనవైపు ఉండేటట్లు ఆనించవచ్చును. వారానికొకసారి మార్చండి. అరలో వంద పుస్తకాలున్నా ఎదురుగా ఉన్న ఎనిమిదే చదువుతారు. అది మా పిల్లల విషయంలో, సండే స్కూలు పిల్లల విషయంలో కూడా చూశాము.

ప్రమాదం గురించి రెండు మాటలు. పిల్లలు బీరువాను నిచ్చెన అనుకుంటారు. పొట్టి బీరువా అయినాసరే, పై భాగాన్ని రెండు ఎల్ ఆకారపు ఇనుప పట్టీలతో గోడకు స్క్రూలు బిగించండి. బరువు పుస్తకాలు కింద పెట్టండి. బీరువామీద టీవీ, ఇస్త్రీపెట్టె, పూలకుండీ పెట్టవద్దు. పురుగుల కోసం కలరా ఉండలు వేసే అలవాటు మనకున్నది. పిల్లలకందే అరలో అవి వేయనే కూడదు. తెల్లగా గుండ్రంగా పిప్పరమెంటుల్లా ఉంటాయి, నోట్లో వేసుకుంటే విషం. కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్తంలో ఉండే ఒక లోపంవల్ల, అవి మరీ ఎక్కువ హాని చేసి ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయి. ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పెట్టండి, నెలకొకసారి పుస్తకాలన్నీ తీసి దులపండి. నిత్యం చేతులు తిరిగే బీరువాలో పురుగు అంతగా నిలవదు.

ఎక్కడ పెట్టాలన్నది అన్నింటికంటె కష్టమైన ప్రశ్న. దీనికి కొలత చెప్పలేము. మేము చెప్పగలిగినది ఒక్కటే. బీరువా కొనకముందు ఒక వారం రోజులు మీ బిడ్డ ఏమీ తోచనప్పుడు ఎక్కడ కూలబడుతున్నాడో చూడండి. బడినుంచి వచ్చి సంచి ఎక్కడ విసురుతున్నాడు? అమ్మ కూరలు తరుగుతుంటే ఎక్కడ కూర్చుని కబుర్లు చెబుతున్నాడు? కరెంటు పోతే ఎక్కడికి వస్తున్నాడు? చాలా ఇళ్ళలో ఆ చోటు ముందుగది కాదు, చదువుకునే బల్ల కూడా కాదు. బల్ల దగ్గర హోంవర్కు ఉంటుంది, అక్కడికి తనంతట తాను వెళ్ళే బిడ్డను మేము చూడలేదు. మా మనుమరాలి విషయంలో ఆ చోటు వంటింటి గుమ్మానికి ఇవతల, నడవా మలుపు. బీరువా పెట్టటానికి వీలుకాని చోటని అందరూ అన్నారు. అక్కడే పెట్టాము. కాళ్ళకు తగులుతున్నదని మొదటి నెలంతా పెద్దవాళ్ళం విసుక్కున్నాము. ఇప్పుడు అలవాటైపోయింది.

ముందు రెండడుగుల నేల ఖాళీగా ఉంచండి, అక్కడొక చాప. వెలుతురు పక్కనుంచి రావాలి, పడమటి ఎండ నేరుగా పడకూడదు, ముఖచిత్రాలు వెలిసిపోతాయి. స్నానాల గది గోడకు ఆనించవద్దు. ఏ గోడకైనా మూడు వేళ్ళ ఎడం ఉంచి, పైన మాత్రం పట్టీతో బిగించండి. చెదల మట్టిదారి కనబడాలంటే వెనక కాస్త సందు ఉండాలి. రాత్రి చదివే బిడ్డకు మంచం పక్కన ఒక చిన్న గుడ్డసంచి, అందులో రెండు పుస్తకాలు చాలు. ఈ కాలానికి ఇంకొక మాట కూడా చెప్పాలి. సెల్‌ఫోను చార్జింగు పెట్టే ప్లగ్గు పుస్తకాల మూలలో ఉన్నట్లయితే ఆ మూల ఫోను మూలే అవుతుంది. ప్లగ్గును ఇంటికి ఆ చివర పెట్టుకోండి, ముఖ్యంగా పెద్దవాళ్ళు. మేమూ పెట్టుకున్నాము, రోజూ పాటించలేకపోతున్నాము.

ఇదివరలో ఒక గ్రామంలో ఈ మాటలే చెబుతుంటే ఒక అక్కగారు లేచి, "మాది ఒకటే గది అయ్యా, మంచం వేస్తే నడవటానికి చోటుండదు. మీ బీరువా ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగారు. అప్పుడు మా దగ్గర జవాబు లేదు. తలవంచుకుని వచ్చాము. తరువాత ఆలోచించి, ఆమె ఇంటికి వెళ్ళి చూశాము. తలుపు వెనక గోడ ఖాళీగా ఉంది. పాత దుప్పటి గుడ్డమీద వరుసగా జేబులు కుట్టి, పైన వెదురు బద్ద దూర్చి, తలుపు వెనక వేలాడదీశాము. పన్నెండు జేబులు, పన్నెండు పుస్తకాలు. కుట్టింది ఆ అక్కగారే, మాకంటే చక్కగా కుట్టారు. కింది వరుస నాలుగేళ్ళవాడిది, పై వరుస అక్కది అని పిల్లలే పంచుకున్నారు. మన పాత మట్టిగోడల ఇళ్ళలో గూళ్ళుండేవి గాని అవి దీపాలకోసం, పిల్లలకు అందకుండా పైన పెట్టేవారు. ఇల్లు కట్టుకోబోతున్నవారు ఎవరైనా ఇక్కడుంటే, మేస్త్రీతో చెప్పి నేలకు అడుగున్నర ఎత్తులో ఒక గూడు విడిపించండి. పెద్ద ఖర్చు కాదు.

ఎన్ని పుస్తకాలుండాలి? 2010లో అచ్చయిన ఒక అధ్యయనం ఉన్నది. 27 దేశాల వివరాలు పరిశీలించి, అయిదువందల పుస్తకాలున్న ఇంట్లో పెరిగిన పిల్లలు, పుస్తకాలే లేని ఇంటి పిల్లలకంటే సుమారు మూడేళ్ళ చదువు ఎక్కువ చదువుతున్నారని తేల్చారు. తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా. అయిదువందలు అనగానే హడలిపోకండి. ఇరవై పుస్తకాలున్నా తేడా కనబడుతుందని ఆ పరిశోధకులే చెప్పారు. పుస్తకాలుంటేనే చదువు వస్తుందా, చదువు మీద గౌరవమున్న ఇంట్లో పుస్తకాలు చేరుతాయా అన్నది లెక్కలతో తేలే సంగతి కాదని మా అభిప్రాయం. మాకు ఆ ఇరవై అనే మాట నచ్చింది. ఇరవై పుస్తకాలు ఎవరైనా చేర్చగలరు.

తెలుగులో మంచివి లేవని అనకండి. మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్టు ప్రచురణలు తక్కువ ధరలకే దొరుకుతున్నాయి. మన పిల్లలు ఎక్కువమంది ఇంగ్లీషు మీడియంలో ఉన్నారు, తెలుగు కూడబలుక్కుని చదువుతున్నారు. పదేళ్ళ బిడ్డకు అయిదేళ్ళవాడి తెలుగు పుస్తకం ఇస్తే చిన్నతనంగా భావిస్తాడు. అటువంటివారికి ఒకే పేజీలో రెండు భాషలూ ఉన్న పుస్తకాలు పనికివస్తాయి. ఇంగ్లీషు తెలుసుననే ధీమాతో తెలుగు వాక్యంలోకి దిగుతాడు.

చివరగా మన సంఘాల విషయం. ఏ సంఘమో చెప్పము. అక్కడ ఒక దాత తమ తల్లిగారి జ్ఞాపకార్థం సండే స్కూలు పిల్లలకు పుస్తకాల బీరువా, నిండుగా పుస్తకాలు ఇచ్చారు. మంచి బీరువా, పైన ఇత్తడి పలకమీద పేరు. ప్రతిష్ఠనాడు మేమూ ఉన్నాము, చప్పట్లు కొట్టాము. పుస్తకాలు పోతాయనే భయంతో తాళం వేసి, తాళంచెవి ఒక పెద్దకు అప్పగించారు. ఆయనకు బదిలీ అయింది. తాళంచెవి ఎవరి దగ్గరున్నదో తెలియక కొంతకాలం, అడిగేవారు లేక కొంతకాలం గడిచిపోయింది. రెండేళ్ళ తరువాత తలుపు పగలగొట్టి చూస్తే, వెనక పలకనుంచి చెదలు దూరి ఉన్నాయి. అట్టలు నిలబడి ఉన్నాయి, లోపల కాగితం లేదు. చేయివేస్తే మట్టి రాలింది. ఒక్క పుస్తకమైనా ఏ పిల్లవాడి చేతికీ వెళ్ళలేదు.

ఎవరినీ నిందించటానికి చెప్పటంలేదు, మా ఇంట్లోనూ అదే తాళం గదా. మరుసటి సంవత్సరం అయ్యగారు, పాస్టరమ్మగారు మమ్మల్ని పిలిచి ఏంచేద్దామని అడిగారు. తలుపులు ఊడదీయించి, బీరువాను నడుముకు కోయించి రెండు పొట్టి బీరువాలు చేయించాము. దాతగారి ఇత్తడి పలక ఒకదానికి బిగించాము, రెండోదానికి లేదని ఆయన కొంచెం నొచ్చుకున్నారు. పుస్తకాలు మళ్ళీ పోగుచేస్తే నూటపదహారు అయ్యాయి. చిట్టా పుస్తకం పన్నెండేళ్ళ అమ్మాయికి అప్పగించాము. ఎవరు ఏది తీసుకువెళ్ళారో వాళ్ళే వ్రాసుకుంటారు. ఏడాది చివర లెక్క చూస్తే పదకొండు పుస్తకాలు కనబడలేదు, ఇరవైకి పైగా చిరిగాయి. సంఘ కమిటీలో ఒక పెద్దమనిషి, "చూశారా, మేము చెప్పలేదా?" అన్నారు. పదకొండు పోయినమాట నిజమే. తాళం వేసినప్పుడు అన్నీ పోయాయని పాస్టరమ్మగారు నెమ్మదిగా గుర్తుచేశారు. ఆయన మరి మాట్లాడలేదు. చిరిగిన వాటిని అంటించటానికి ప్రతి నెలా రెండో శనివారం పిల్లలే కూర్చుంటున్నారు. పోయిన పదకొండులో రెండు తరువాత ఒక ఇంట్లో దిండుకింద దొరికాయి.

మా పాత టేకు బీరువాను కూడా కిందటి వేసవిలో అలాగే కోయించాము. మొదట చేసిన ఆచారిగారు లేరు, వారి అబ్బాయి వచ్చారు. తండ్రి చేతి పనిని కోయటానికి ఆయనకు మనసొప్పలేదు. ఒక పూటంతా చుట్టూ తిరిగి, కాఫీ తాగి, "దేనికి మాస్టారూ?" అని రెండుసార్లు అడిగి, చివరికి రంపం పట్టారు. పై సగం మా దగ్గర ఉంది. కింది సగం హైదరాబాదులో మా అబ్బాయి ఇంటికి వెళ్ళింది. వాడికి ఆరేళ్ళ కొడుకున్నాడు. దాన్ని పంపుతామని మేము అనలేదు, వాడే అడిగాడు. ఎక్కడ పెట్టాడని మేము ఇంతవరకు అడగలేదు. వచ్చే నెల వెళ్ళి చూస్తాము.

మూడడుగుల బీరువా, నాలుగడుగుల బీరువా, తలుపు వెనక గుడ్డజేబుల పట్టీ, ఈ మూడింటి కొలతలు కాగితంమీద గీసి తెచ్చాము. కావలసినవారు భోజన విరామంలో మెట్ల దగ్గర మమ్మల్ని కలవండి. ఎవరింట్లోనైనా చోటు విషయంలో చిక్కుంటే అదీ చెప్పండి, కలిసి ఆలోచిద్దాము.